నాలుగింటి దాకా క్రిస్మస్

నేను జిల్లా బస్సుల్లో కండక్టర్ని. దసరా వచ్చిందంటే ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి జనాన్ని పండగలకు పంపేది మాలాంటి వాళ్లమే. "సీట్లు లేవు, నిలవడి వస్తరా?" అని అరిచి అరిచి గొంతు పోతుంది. ఆ పండగలకు నేనెప్పుడూ సెలవు అడగలేదు. నాకు ఆఫ్ పడినా తోటివాళ్లకు ఇచ్చేసేవాణ్ణి. ఏడాది మొత్తంలో నేను అడిగేది క్రిస్మస్ ఒక్కటే.

మా అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ, హాస్టల్ రెండూ దిల్‌సుఖ్‌నగర్‌లోనే. మన్సూరాబాద్‌లో మా ఇంటి నుంచి స్కూటర్ మీద ఎంతసేపని! అయినా హాస్టల్లోనే ఉంచాలన్నారు కాలేజీవాళ్లు. ఇంటికి పోయి వచ్చే పిల్లలకు చదువు మీద ధ్యాస ఉండదట.

ఆ క్రిస్మస్ పొద్దున చర్చిలో ఆరాధన అయిపోగానే కొత్త చొక్కాతోనే కాలేజీకి పోయాను. గేటు పక్కన ఆఫీసు గదిలో హాస్టల్ ఇన్‌చార్జి కూర్చుని ఉన్నాడు.

"స్టడీ అవర్ అయ్యాక పంపిస్తామండీ, కూర్చోండి. నాలుగింటిలోపు మళ్లీ దింపెయ్యాలి."

"నాలుగింటికా? ఇయ్యాల, రేపు సర్కారే సెలవిచ్చింది గద సార్."

"గవర్నమెంటు సెలవులు చూసుకుంటూ కూర్చుంటే ర్యాంకులు రావండీ. మీ అమ్మాయికి ప్రత్యేకంగా పర్మిషన్ ఇస్తున్నాం. థాంక్స్ చెప్పాల్సింది పోయి ప్రశ్నలేంటి?"

నా బిడ్డను నాకిస్తున్నందుకు నేనే థాంక్స్ చెప్పాలట. చెప్పాను కూడా. "థాంక్స్ సార్" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక మీద చేదు పోలేదు. గంటసేపు ముందే చర్చిలో పాస్టర్ గారు అన్నిటికీ దేవునికి కృతజ్ఞతలు చెప్పమన్నారు. తలూపి, ఆమెన్ అని వచ్చినవాణ్ణి. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు కృతజ్ఞత అన్న మాటే ఒళ్లు మండించింది.

అమ్మాయి వచ్చింది. కళ్ల కింద నలుపు. "హ్యాపీ క్రిస్మస్ నాన్నా" అని స్కూటర్ ఎక్కింది. కొత్తపేట దాటకముందే తల నా వీపు మీద వాలిపోయింది. పడిపోతుందేమోనని ఎడమచేత్తో దాని చేతులు నా నడుము దగ్గర పట్టుకుని, ఒంటిచేత్తో మెల్లగా నడుపుకుంటూ వచ్చాను. వెనక నుంచి ఒకటే హారన్లు. కొట్టుకోనీ అనుకున్నాను.

మా అమ్మకు ఒక అలవాటుంది. క్రిస్మస్ నాడు అన్నానికి కూర్చుంటే, ముద్ద నోట్లో పెట్టకముందు ఇంట్లో ఒక్కొక్కరు దేవునికి ఏదో ఒకదానికి స్తోత్రం చెప్పాలి. ఆమె చెప్పేది పెద్దగా ఉంటుంది. నాది ఒక్క మాట. గుంటూరు వైపు నుంచి వచ్చిన మా ఆవిడకు మొదట్లో ఇది వింతగా ఉండేది గానీ, ఇప్పుడు ఆమే అందరికన్నా ముందు చెప్తుంది. ఆ రోజు మా ఆవిడ బిర్యానీ దించి, పళ్లాలు పెట్టి, "అమ్మాయిని పిలవండి" అంది.

బట్టలు మార్చుకుంటానని లోపలికి పోయిన పిల్ల, కొత్త డ్రెస్సు చేతిలో అట్లనే పట్టుకుని మంచానికి అడ్డంగా పడి నిద్రపోతోంది.

"లే బిడ్డా, అన్నం తిందువు" అని భుజం తట్టాను.

"రెండు నిమిషాలు సార్. చదువుతున్నా సార్" అంది, కళ్లు తెరవకుండానే.

నన్ను సార్ అంది. నా ఇంట్లో, నా మంచం మీద, నా బిడ్డ నన్ను సార్ అంది.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "లేపకండి, కాసేపు పడుకోనివ్వండి" అంది. "పండనియ్యి కొడుకా. స్తోత్రం ఎప్పుడైనా చెప్పుకోవచ్చు" అంది అమ్మ. ఎవరమూ తినలేదు. నేను పోయి బయట మెట్ల మీద కూర్చున్నాను. వీధిలో ఎవరైనా నమస్తే చెప్పినా కొట్లాటకు దిగేటట్టున్నాను.

నాలుగు దాటగానే ఫోన్ మోగింది.

"ఇంకా బయల్దేరలేదా?"

"పండుకుంది సార్."

"లేపండి మరి."

"లేపను" అని పెట్టేశాను. మళ్లీ మోగింది. మళ్లీ మోగింది. నేను ఎత్తలేదు. మా ఆవిడ భయపడింది. నాకు మాత్రం పొద్దున పోయిన పరువు కొంచెం తిరిగి వచ్చినట్టనిపించింది.

దీపాలు పెట్టే వేళకు అమ్మాయి లేచింది. గడియారం చూసి బయటికి ఉరికొచ్చింది.

"నాన్నా, ఎందుకు లేపలే?"

"అలిసిపోయినవ్ కదా బిడ్డా. రేపు పోదువు తియ్యి. ఆ సారుకు నేను చెప్పిన."

"ఏం చెప్పినవ్? కోపం చేసినవా?" ఏడ్చేసింది. "నీకేంది నాన్నా! నువ్వు కోపం చేసి ఇంట్ల కూసుంటవ్. ఆడ ఉండేది నేను."

మా ఆవిడ దాన్ని దగ్గరికి తీసుకుని, బిర్యానీ వేడిచేసి, అందర్నీ కూర్చోబెట్టింది. అమ్మ స్తోత్రం మొదలుపెట్టింది. మా ఆవిడ చెప్పింది. నేను ఏదో గొణిగాను. అమ్మాయి వంతు వచ్చింది. పళ్లెంలోకి చూస్తూ కూర్చుంది.

"నాకేం లేదు నానమ్మా" అంది చివరికి.

అమ్మ తిడుతుందేమో అనుకున్నాను. అమ్మ దాని తల నిమిరి, "లేకుంటే లేదు తియ్యి. దేవునికాడ అబద్ధమాడొద్దు. తిను" అంది.

తెల్లారి దింపడానికి పోతే ఇన్‌చార్జి గేటు దగ్గరే నిలబెట్టాడు. వచ్చేపోయే పిల్లలందరూ చూస్తున్నారు.

"మీకు పండగ ముఖ్యమా, పిల్ల భవిష్యత్తు ముఖ్యమా?"

"పండగే ముఖ్యం" అన్నాను.

"అయితే నిన్న సాయంత్రం పెట్టిన టెస్టు మిస్సయింది కాబట్టి, ఇకనుంచి కింది సెక్షన్‌లో కూర్చుంటుంది."

నా గొంతు లేచింది. ప్రిన్సిపాల్‌ని పిలవమన్నాను. సామాను కట్టుకుని తీసుకుపోతానన్నాను. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాన్నా, పరీక్షలు దగ్గరున్నయి. నేను ఉంటా. నువ్వు పో, ప్లీజ్" అంది. బ్యాగు భుజానికి తగిలించుకుని లోపలికి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. రోడ్డంతా బట్టల షాపుల పండగ పాటలు. నేను డ్యూటీకి పోయాను. ఆ రోజు చిల్లర అడిగిన ప్రతివాణ్ణీ కసిరాను.

అమ్మాయి కింది సెక్షన్‌లోనే చదివి, పరీక్షలు రాసి, ఇంటికొచ్చింది. ఇప్పుడు మామూలు డిగ్రీ కాలేజీకి మెట్రోలో పోయొస్తుంది. సాయంత్రాలు నానమ్మతో టీవీ రిమోట్ కోసం కొట్లాడుతుంది. అంతా మంచే జరిగింది కదా, ఇంకా ఎందుకు రగిలిపోతారు అంటుంది మా ఆవిడ. నా బిడ్డ కోసం దేవునికి రోజూ స్తోత్రం చెప్తాను. ఆ రెండేళ్లకు మాత్రం చెప్పను. ఎవరు చెప్పమన్నా చెప్పను.

మొన్న ఒక సెలవురోజు ఆ కాలేజీ ముందునుంచి పోతుంటే, గేటు బయట ఎండలో ఒకాయన టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. స్కూటర్ ఆపాను.

"ఏందన్నా, ఈడ నిలవడ్డవ్?"

"పాప కోసం. పంపుతమన్నరు, ఇంకా పంపలే."

"లోపలికి పోయి గట్టిగ అడుగు. నీ పిల్లనే కదా!"

ఆయన గేటు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "ఎందుకన్నా లొల్లి. తర్వాత పిల్ల మీద పడ్తది."

స్కూటర్ దిగి స్టాండ్ వేశాను. కాసేపు ఆయన పక్కనే నిలబడి, బండి తీశాను.