బతకకూడని చుక్కలు

పొద్దున్నే వేడిపెట్టె తలుపు తీసిన కురోకి హిసానో కొయ్యబారిపోయింది. గాజుపళ్లెంలో ఇరవై మూడు తెల్లటి చుక్కలు! ఒక్కొక్కటీ బతికున్న బాక్టీరియా గుంపు.

ఫుకువోకాలోని ఆ ప్రయోగశాలలో గాజుసామాను కడిగి, బాక్టీరియాకి మేత వండి పళ్లేల్లో పోసేది ఆవిడే. చదివింది ఎనిమిదో తరగతి. పందొమ్మిదేళ్లుగా వింటున్నది కాబట్టి సంగతి తెలుసు. బాక్టీరియా రెండుగా చీలాలంటే ముందు దాని డీఎన్‌ఏకి నకలు తయారవాలి. కొన్ని ప్రొటీన్లు డీఎన్‌ఏ మీద ఒకే ఒక్క చోట గుమిగూడి, పేనిన రెండు పోగుల్నీ విడదీస్తే తప్ప ఆ పని మొదలవదు. ప్రొఫెసర్ మునకాత పెంచే రకంలో వాటిలో ముఖ్యమైన ప్రొటీన్ ఒకటి నలభై రెండు డిగ్రీల వేడికి చచ్చుబడుతుంది. ఆ వేడిలో పెట్టిన పళ్లెం ఇన్నేళ్లూ ఖాళీగానే బయటికొచ్చింది.

మునకాత పళ్లెం చూసి మొహం చిట్లించాడు. "బయటి క్రిమి ఏదో కలిసింది. చేతులు సరిగ్గా కడుక్కున్నారా, హిసానో గారూ?"

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆవిడకి చెంప ఛెళ్లుమన్నట్టయింది.

"కడుక్కున్నానండీ, మాస్టారూ."

"సరే, పారేయండి."

"పారెయ్యనండీ."

అన్నది తనేనా!

ఒక్క చుక్కని గిల్లి కొత్త పళ్లెంలో పూసింది. మూడుసార్లు పూసింది. అదే వేడిలో మూడుసార్లూ మొలిచింది. అప్పుడు మునకాత ఆర్నెల్లు పరీక్షలు చేశాడు. బయటి క్రిమి కాదు. ఆ ప్రొటీన్ చచ్చుబడే ఉంది. అది లేకుండానే బాక్టీరియా, డీఎన్‌ఏ మీద ఇంకెక్కడెక్కడినుంచో నకలు మొదలుపెట్టేస్తోంది.

అది తేలిన రోజు అందరిముందూ మునకాత నడుం వంచి నమస్కరించాడు. "మిమ్మల్ని అనరాని మాట అన్నాను. క్షమించండి."

"అయ్యయ్యో, లేవండి మాస్టారూ!" అంది హిసానో.

దానిమీద రాసిన వ్యాసం ఒక సైన్సు పత్రికలో అచ్చయింది. రాసినవాళ్లలో మూడో పేరు ఆవిడది. యానగావాలో ఉన్న అక్కకి ఫోన్ చేసింది.

"పత్రికలో పేరా? ఏం తప్పు చేశావే?" అక్క బెదిరిపోయింది.

సంగతంతా విన్నాక, "నాకో ప్రతి పంపు. నాన్న పటం ముందు పెడతాను," అంది.

హిసానోని బడి మాన్పించింది ఆ నాన్నే. రేపే పంపుతానని చెప్పి రిసీవర్ పెట్టేసి, ఆవిడ తన పేరున్న పేజీ మూల మడత పెట్టింది.