పేరు అడిగిన పాట

మా మేనత్త పోయిన మంగళవారం చనిపోయింది. సిడ్నీలో, గిరావీన్‌లో తన ఇంట్లోనే, పొద్దున టీ తాగుతూ కుర్చీలోనే. బావ ఫోన్ చేసి "అమ్మ పోయిందే" అన్నాడు. స్కోఫీల్డ్స్‌లో పిల్లల్ని స్కూల్లో దింపి, కార్లోనే కూర్చుని ఏడ్చాను.

ఇక్కడి తెలుగు చర్చికి మీరెప్పుడైనా వెళ్లి ఉంటే అత్తయ్య పాట పాడే ఉంటారు, ఎవరిదో తెలియకుండా. ఏజ్డ్ కేర్‌లో ముసలివాళ్లకు స్నానాలు చేయించే ఉద్యోగం ఆవిడది. పాటలు బస్సులో కట్టేది, పప్పు తాలింపు వేస్తూ సరిచేసేది. చర్చి పాటల పుస్తకంలో ఒక్కదాని కిందా ఆవిడ పేరు లేదు. నేనడిగితే "దేవుడికి తెలుసులేవే" అనేది. అంటూనే పుస్తకంలో ఆ పాట కింద ఖాళీని వేలితో తడిమేది. ఆ బాధ నాకు తెలుసు.

అత్తయ్య పక్కింట్లో కొలంబియా అమ్మాయి ఉండేది. గ్యారేజీలో రెగెటాన్ పాటలు, అంటే స్పానిష్‌లో గంతులేయించే పాటలు, రాసుకునేది. ఒక ఆదివారం ఒకే లైను ఇరవైసార్లు వినీ వినీ అత్తయ్యకు చిర్రెత్తుకొచ్చింది. కంచె మీంచి తల పెట్టి, "డార్లింగ్, టూ మెనీ వర్డ్స్. వేర్ యు విల్ బ్రీత్?" అంది. స్పానిష్ ఒక్క ముక్క రాదు మహాతల్లికి! చప్పట్లు కొడుతూ, లాలాలా అంటూ పల్లవికి కొత్త బాణీ పాడి చూపించింది. ఊపిరికి చోటు లేకపోతే అది పాట కాదు, పరుగు అని మా చర్చి క్వయర్‌లోనూ ఇలాగే తిట్టేది.

ఆ పిల్ల అదే బాణీ పెట్టుకున్న ఆ పాటకు అవార్డు వచ్చింది. లాటిన్ అర్బన్ సంగీతంలో పాడినవాళ్లకు కాకుండా, పాట కట్టినవాళ్లకు ఇచ్చేది. దరఖాస్తు నింపేటప్పుడు ఆ పిల్ల వచ్చి, "ఆంటీ, యువర్ ఫుల్ నేమ్?" అని అడిగిందట. అత్తయ్య ఇంటిపేరుతో సహా అక్షరం అక్షరం చెప్పి రాయించింది. క్రిస్మస్‌కు కట్టుకునే తెల్ల పట్టుచీరలో స్టేజీ ఎక్కింది. మైకు ఇస్తే, "థాంక్యూ. నెక్స్ట్ ఇయర్ ఆల్సో వి విల్ కమ్" అంది. హాలంతా ఈలలు! నేనైతే అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. నా జన్మలో అంత గర్వపడింది లేదు.

తర్వాతి ఆదివారం క్వయర్‌లో ఒకావిడ, "అదేంటి వదినా, ఆ గంతుల పాటకా నీ పేరు?" అని మొహం చిట్లించింది.

అత్తయ్య పాటల పుస్తకం మూసింది. "అవునమ్మా, ఆ గంతుల పాటకే. వాళ్లు అడిగారు."



శనివారం చర్చిలో అత్తయ్యను సాగనంపే ఆరాధన. పాస్టర్‌గారు మొదటి పాట నంబరు చెప్పగానే ఆ క్వయర్ ఆవిడే లేచింది. "అయ్యగారూ, ఒక్క నిమిషం. ఈ పాట మా వదినది," అంది. సంచిలోంచి పెన్ను తీసి, పుస్తకంలో ఆ పాట కింద పేరు రాసింది. పేజీలు తిప్పి ఇంకో పాట కింద, మరో పాట కింద. పెన్ను పక్కవాళ్లకిచ్చింది. అలా వరస వరసా పుస్తకాలు తెరుచుకున్నాయి, పెన్నులు చేతులు మారాయి. చివరి వరసలో కొలంబియా అమ్మాయి పక్కావిడ పుస్తకంలోకి చూస్తూ, తనకు రాని తెలుగులో, ఒక్కో అక్షరం మెల్లగా గీస్తోంది. ఆ పిల్ల పూర్తిచేసేదాకా క్వయరంతా పాట ఎత్తుకోకుండా నిలబడి ఉంది.