మంచానికి అటు దిక్కు

ఎంకమ్మ వార్డులోకి వస్తే ముందు మనుషుల్ని చూడదు, నేలను చూస్తుంది. ఎక్కడైనా నీటి చుక్క ఉందా, ఎవరి చెప్పైనా బోర్లా పడి ఉందా అని. తర్వాత మంచం చక్రాన్ని కాలితో ఒకసారి తన్ని, బ్రేకు పడి ఉంటేనే తలెత్తి "మంచిగున్నవా అవ్వా" అంటుంది. చేవెళ్లలో ఒక ప్రైవేటు దవాఖానలో పద్నాలుగేళ్లుగా ఆయా పని చేస్తోంది. భర్త పోయాక ఆ పనితోనే కూతురు దీక్షితను నర్సింగు చదివిస్తోంది. అలాంటి మనిషి ఉద్యోగాన్ని నేను ఒక మధ్యాహ్నం ఊడగొట్టబోయాను. చెప్పుకోవడానికి నాకేమీ గొప్పగా లేదు, అయినా చెప్పాలి.

మాది మొయినాబాద్‌లో స్టీలు సామాన్ల దుకాణం. గిన్నెకు సొట్ట ఉందంటూ తిరిగి తెచ్చేవాళ్లతో వాదించి వాదించి నా నోరు బాగా పదునెక్కింది. పోయిన వానాకాలం మా అమ్మ భాగీరథికి జ్వరం వచ్చి, షుగరు పడిపోతే ఆ దవాఖానలో చేర్పించాం. అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. తోడుగా నేనే ఉన్నాను.

మూడో రోజు అన్నాలు తిన్నాక అమ్మ కళ్లు మూసుకుంది. నేను మంచం పక్కనే నేల మీద చాప పరుచుకుని నడుం వాల్చాను. వాల్చడమేమిటి, గురక పెట్టి నిద్రపోయానని తర్వాత వార్డంతా చెప్పింది. ధబ్బున చప్పుడై లేచి చూస్తే మంచం మీద అమ్మ లేదు. అవతలి పక్క, మంచానికీ గోడకూ మధ్య సందులో పడి ఉంది. నుదురు చిట్లింది. ఎడమ మణికట్టు విరిగింది.

నా భయమంతా, నేల తుడిచే కర్ర చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చిన ఎంకమ్మ మీద పడింది.

"నీళ్లు గుమ్మరించి తుడుస్తవు. ముసలోళ్లు జారి పడరా? కండ్లున్నయా నీకు?" అన్నాను.

ఆమె కర్ర పక్కన పడేసి ఆ సందులోకి దూరింది. అమ్మ తల కదలకుండా పట్టుకుని, "డాక్టర్ వచ్చేదాక గిట్లనే ఉండవ్వా, లేవకు" అంటోంది. నాకు అదీ కోపమే. అమ్మకు కుట్లు వేసి, చేతికి కట్టు కట్టాక మేనేజరు జైపాల్ దగ్గరికి వెళ్లి కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చాను. "రేపటి సంది ఆమె రాదు మేడం, ఫికర్ చేయకుండ్రి" అన్నాడాయన.

సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు ఎంకమ్మ మా దగ్గరికి వచ్చింది. బతిమాలుకోవడానికనుకుని మొహం తిప్పుకున్నాను. ఆమె సంచిలోంచి అమ్మ విడిచిన చీర తీసి నా ముందు పరిచింది.

"చూడుండ్రి మేడం. తడి లేదు, దుమ్మున్నది. గ్లూకోజు స్టాండు అడ్డముండంగ ఆ సందుల నేను తుడువనే లేదు. అది నా తప్పే, రాసుకోండ్రి. కని నాకు ఒక్కటి సమజైతలేదు. బాత్రూం ఇటున్నది. అవ్వ అటెందుకు దిగింది?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

"ఇంతకు ముందు ముగ్గురు గిట్లనే పడ్డరు," అంది ఎంకమ్మ. "ముగ్గురు పగటి నిద్రలప్పుడే. ముగ్గురు తోడు మనిషి లేని దిక్కుకే దిగిండ్రు. ఎందుకని నేను ఎన్నడు అడుగలే. నేల చూసుకుంటనే ఉన్న."

స్టూలు లాక్కుని కూర్చుని అమ్మ బాగున్న చేతిని పట్టుకుంది. "నువ్వన్న చెప్పవ్వా."

"ఏదో దిగిన తియ్," అని అమ్మ కళ్లు మూసుకుంది.

"రేపటి సంది నాకు పని లేదు. తెల్సుకొనన్న పోత."

అమ్మ కళ్లు తెరిచింది. "పనెందుకు లేదు?"

ఎంకమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అమ్మకు అర్థమైంది.

"ఆమెదేం లేదు," అంది నాతో. "నువ్వు ఇటు పండుకుంటివి. నిన్నెట్ల దాటుత? దాటితే పిల్లలు ఎదుగరు."

"లేపొచ్చు గదమ్మా."

"రెండు దినాలాయె నువ్వు కన్ను మూయక. లేపబుద్ధి కాలే."

నాకు నలభై ఆరేళ్లు. ఇక ఎదిగితే అడ్డంగా ఎదగాలి గానీ నిలువుగా కాదు. నవ్వబోయాను, ఏడుపొచ్చింది. సిగ్గుతో ఏడ్చాను.

కళ్లు తుడుచుకుని ఎంకమ్మను వెంటబెట్టుకుని జైపాల్ గదికి వెళ్లాను. రాసిచ్చిన కాగితం వెనక్కివ్వడం కుదరదన్నాడు. అయితే పెన్ను ఇవ్వమని, దాని కిందే రాశాను: 'మా అమ్మ పడింది తడి వల్ల కాదు, నేను దారికి అడ్డంగా పడుకున్నందువల్ల. ఎంకమ్మను తీసేస్తే, మనుషులు ఎందుకు పడుతున్నారో తెలిసిన ఒక్క మనిషీ మీకు ఉండదు.'

ఆయన రెండుసార్లు చదివాడు. "మరి ఏం చేద్దామంటవ్ ఎంకమ్మా?" అన్నాడు. పద్నాలుగేళ్లలో ఆ దవాఖానలో ఆమెను ఎవరైనా సలహా అడగడం అదే మొదటిసారట.

"చాపలన్ని ఎదురు గోడకు ఏపియ్యాలె సార్. మంచానికి రెండు దిక్కుల దారి ఉండాలె. అన్నం తిన్నంక, పండుకునే ముందే చెప్పులు తొడిగి అందర్ని బాత్రూంకు నేనే తోల్కపోత."

"రేపటి సంది చెయ్యి," అన్నాడు జైపాల్.

నెలన్నర తర్వాత కట్టు విప్పించడానికి అమ్మను మళ్లీ చేవెళ్ల తీసుకెళ్లాను. ఎంకమ్మను చూడందే బస్సెక్కనంది అమ్మ. వార్డులోకి వెళ్లాం. చాపలన్నీ ఎదురు గోడ వెంట వరసగా ఉన్నాయి. ఆ రోజు తర్వాత ఒక్కరూ పడలేదని చెబుతూ చెబుతూనే ఎంకమ్మ చూపు నేల మీదికి పోయింది. అప్పుడే చేరిన ఒక ముసలాయన మంచం పక్కన ఆయన కొడుకు చాప పరుచుకుంటున్నాడు. కొడుక్కే యాభై దాటి ఉంటాయి.

ఎంకమ్మ వెళ్లి అతని ముందు నిలబడింది.

"జర లేవన్నా. నువ్వు నిద్రపోతే మీ బాపు నిన్ను లేపడు, దాటడు. నువ్వే జరుగాలె."

అతను తండ్రి వైపు చూశాడు. ముసలాయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కొడుకు చాప చుట్టి, ఎదురు గోడకు తీసుకెళ్లి పరుచుకున్నాడు.