అడ్డచుట్ట సాక్ష్యం

నాకు చుట్ట అలవాటు చేసింది మా అత్తగారు. పెళ్లయిన రెండో ఏడు పన్ను సలుపుతోందని నేను ఏడుస్తుంటే, "నిప్పు లోపలికి పెట్టి పీల్చవే, నొప్పి పారిపోద్ది" అంది. మా భీమిలి వైపు చాలామంది ఆడవాళ్లు అలాగే కాలుస్తారు, వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని. అడ్డచుట్ట అంటారు. సముద్రపు గాలికి ఆరదు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, చేపలు తోముకుంటూ కూడా కాల్చుకోవచ్చు. పన్ను నొప్పి పోయింది, చుట్ట పోలేదు. ముప్పై ఏళ్లు మిషన్ స్కూల్లో టీచరుగా చేశాను. ఆదివారం బడిలో పిల్లలకి ఒంటిని దేవుడి గుడిలా శుభ్రంగా ఉంచుకోవాలని చెప్పి, ఇంటికొచ్చి ఆ గుడిలో పొగ పెట్టేదాన్ని. దేవుడికి తెలుసు, మా ఇంట్లోవాళ్లకి తెలుసు. ఇంకెవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాను.

ఎనభైల మొదట్లో రిటైరై, అమెరికాలో, మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. పెట్టెలో చీరల కింద చుట్టల కట్టలు కూడా వచ్చాయి. మంచు పడుతున్నా సరే, కోటు వేసుకుని గరాజ్ వెనక నిలబడి కాల్చుకునేదాన్ని. ఏడాది తిరక్కుండా అంగిలి మీద పుండు లేచింది.

"స్మోక్ చేస్తారా?" అని డాక్టర్ అడిగాడు. నాకు ఇంగ్లీషు రాక కాదు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి "నో" అనేసింది. నేనూ తల ఊపాను. పాపం ఆయన నా అంగిలి మళ్లీ మళ్లీ చూసి, ఈ పుండు ఇక్కడెందుకొచ్చిందో తెలియక బుర్ర గోక్కున్నాడు. పరీక్షలో కాన్సర్ అని తేలింది. అంగిలిలో సగం తీసేసి, ఆ కంతని మూయడానికి కట్టుడు పళ్ల సెట్టులాంటి ప్లేటు చేసిచ్చారు. అది తీస్తే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. పెట్టుకున్నా మాట సగం ముక్కులోకే పోయేది.

నేను మాట్లాడటం మానేశాను. నేనా! హెడ్మాస్టర్నే నోరెత్తనివ్వనిదాన్ని! తెలుగువాళ్ల ఇళ్లలో నెలకోసారి జరిగే ప్రార్థన కూడికలో మొదటి ప్రార్థన నాదే ఉండేది. ఇప్పుడు కూడిక మా ఇంట్లో జరిగినా పైగదిలో తలుపేసుకుని పడుకునేదాన్ని. ఇక మనుషుల్లో కూర్చునే యోగం లేదనుకున్నాను. నిజం చెప్పాలంటే కాన్సర్ కన్నా అదే నాకు ఎక్కువ భయం.

అప్పుడు డాక్టర్ ఒక అమెరికనామెని మా ఇంటికి పంపించాడు. ఆరేళ్ల కిందట ఇదే ఆపరేషన్ అయిన మనిషి, స్కూల్ బస్ నడిపి రిటైరైంది. ఓడంత కారు మా ఇంటి ముందు ఆపి, గుమ్మంలోంచే కేకలేస్తూ వచ్చింది. కాఫీ ఇచ్చి, అడిగినదానికల్లా తల ఊపుతూ కూర్చున్నాను. నా వంక కాసేపు చూసి, నోట్లో చెయ్యి పెట్టి, తన ప్లేటు తీసి సాసర్లో పెట్టింది. ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. తర్వాత కాఫీ ఒక గుక్క తాగింది. అది తిన్నగా ముక్కులోంచి దిగి గడ్డం మీదికి కారింది. తుడుచుకుని నవ్వింది.

నాకూ నవ్వాగలేదు. నా ప్లేటూ తీసి నా సాసర్లో పెట్టాను. ఇద్దరం ముక్కులతో మాట్లాడుకుంటూ, కాఫీ మీద పోసుకుంటూ, కడుపు పట్టుకుని నవ్వాం. లంచ్‌కి ఇంటికొచ్చిన మా అమ్మాయి "ఓ మై గాడ్! అమ్మా, డైనింగ్ టేబుల్ మీదా?" అంటూ గుమ్మంలోనే నిలబడిపోయింది.

ప్లేట్లు మళ్లీ పెట్టుకున్నాక ఆమె అడిగింది, "నేను రోజుకి రెండు ప్యాకెట్లు కాల్చేదాన్ని. నువ్వో?"

"నాకు అలవాటు లేదు."

"డాక్టర్‌కి చెప్పిన మాట నాకెందుకు? నేను ఇరవై ఏళ్లు బస్సులో వెనక సీటు పిల్లల్ని చూసినదాన్ని."

దొరికిపోయిన పిల్ల మొహం ఎలా ఉంటుందో టీచరుగా నాకూ తెలుసు. ఇప్పుడది నా మొహమే. మనవరాలి ఎర్ర క్రేయాన్ తీసుకుని, రంగు కొస లోపలికి పెట్టుకుని చూపించాను. "నిప్పు ఇటువైపు" అన్నాను.

"లోపలికా? నిప్పా?" ఆమె క్రేయాన్ తుడిచి తనూ అలాగే పెట్టుకుని చూసింది. "ఓరి దేవుడా, నేనే మొండిదాన్ననుకున్నాను" అంది. మా అమ్మాయి ఫ్రిజ్ తలుపు తీసి, అందులో తల దాచుకుంది.

ఆ వారమే డాక్టర్‌కి నిజం చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఇంకో ముగ్గురు డాక్టర్లని పిలిచి, మరోసారి చూపించమన్నాడు. పెన్నుతో చూపించాను. బోర్డు ఉంటే బొమ్మ కూడా వేసేదాన్నే.

ఆమె నన్ను హాస్పిటల్ బేస్‌మెంట్‌లో నెలనెలా కలుసుకునే గుంపులోకి తీసుకెళ్లింది. దవడ సగం లేని ఒకాయన, గొంతులో కంత ఉన్న ఇంకొకాయన, మరో నలుగురు. గొంతులో కంత ఉన్నాయన గాలి మింగి త్రేన్చుతూ మాట్లాడతాడు, ఆ త్రేన్పులతోనే జోకులేస్తాడు. అందరూ పుడింగ్ తింటారు, మీదా కిందా పోసుకుంటారు. ఎవరూ చూపు తిప్పుకోరు, ఎవరూ అయ్యో అనరు. ఇంట్లో గోడవైపు తిరిగి తినే నేను, అక్కడ మొదటిరోజే రెండు కప్పులు లాగించాను. ఎంత హాయిగా ఉందో! నెలంతా ఆ రోజు కోసమే చూసేదాన్ని.

"ఇక్కడ బాగానే వాగుతున్నావు. మీవాళ్ల దగ్గరెప్పుడు?" అని ఒకరోజు కార్లో ఆమె నిలదీసింది.

తర్వాతి కూడిక మా ఇంట్లోనే. సాక్ష్యం చెప్తానని అమ్మాయితో అన్నాను. మా కూడికల్లో ఎవరో ఒకరు లేచి, దేవుడు తమకి చేసిన మేలు చెప్పడం రివాజు.

"చెప్పమ్మా, కానీ చుట్ట సంగతి వద్దు. పెదవి దాటితే పృథివి దాటుతుంది. వీకెండ్‌కల్లా మిషిగన్ అంతా ఫోన్లు చేసుకుంటారు."

"చుట్ట లేకుండా సాక్ష్యమేమిటే? ఉప్పు లేని పప్పు!"

ఇరవై మంది ముందు లేచి నిలబడ్డాను. ఆ ముక్కు మాటతోనే మొత్తం చెప్పాను, అత్తగారి దగ్గర్నుంచి డాక్టర్‌తో ఆడిన అబద్ధం దాకా. ఆమెన్ అనాల్సిన చోట ఎవరూ అనలేదు. అమ్మాయి కార్పెట్ వంకే చూస్తోంది. నా పరువూ దాని పరువూ కలిపి తీశాననుకుని, వంటగదిలోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టాను.

వెనకాలే ఒకావిడ వచ్చింది. మా వైపు మనిషే, కొడుకు ఇంటికి వచ్చి రెండు నెలలైంది. ఇందాక కూడికలో మొదట్నుంచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మూల కూర్చుంది. అటూ ఇటూ చూసి, రొంటిన దోపుకున్న సగం చుట్ట తీసి స్టవ్ పక్కన పెట్టింది.

"అమ్మగోరూ, నొప్పయితే నేదు. అంగిట్లో తెల్లగా ఏటో నేచింది. ఓపాలి సూడరా?"

"మీ అబ్బాయికి చెప్పావా?"

"సిగ్గండి."

గుమ్మంలో అలికిడైంది. మా అమ్మాయి. అంతా వింది. ఇక నన్ను కడిగేస్తుందనుకున్నాను. అది లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, అలమారలోంచి ఒక సాసర్ తీసి నా ముందు పెట్టింది.

"ముందు నాది చూడు, తర్వాత నీది చూద్దాం" అని ఆవిడతో అని, ప్లేటు తీసి అందులో పెట్టాను.