అల్లుడి టేపు

నిన్న మధ్యాహ్నం అక్క తన పాత కుట్టుమిషన్ సొరుగు ఖాళీ చేస్తున్నప్పుడు అక్కడ ఉన్నవాళ్లం: అక్క, బావ, వాళ్ల చిన్నపాప, నేను. సొరుగులోంచి బయటపడినవి: బాబిన్లు, తుప్పు పట్టిన కత్తెర, జత లేని గుండీలు, కాలు విరిగిన ప్లాస్టిక్ గుర్రం ఒకటి, పసుపుపచ్చ కొలత టేపు. బావ మిగతావన్నీ వదిలేసి టేపు అందుకున్నాడు. "సూడు బిడ్డా, గీ టేపుతోనే మీ మామను యుద్ధంల ఓడగొట్టిన" అన్నాడు. పాప నావైపు జాలిగా చూసింది. అక్క తల ఎత్తకుండా బాబిన్లు ఏరుకుంది. అల్లుడి మాట కాదనే అలవాటు మా ఇంట్లో లేదు.

అప్పట్లో ఛత్రినాకలో మాది మూడు గదుల ఇల్లు. బాపు బస్సు డిపోలో మెకానిక్. నేను పాలిటెక్నిక్‌లో చివరి ఏడాది. బావ ఒక ప్రభుత్వ కర్మాగారంలో స్టోర్స్ గుమాస్తా. క్వార్టర్ దొరికేదాకా అని చెప్పి అక్కతో సహా మా ఇంట్లో దిగాడు. క్వార్టర్ దొరకలేదు. అసలు అడిగాడన్న నమ్మకం నాకు లేదు. ముందుగదిలో నా డ్రాయింగ్ బోర్డు ఉండేది. నలభై రెండు అంగుళాల పొడవు, ఇరవై తొమ్మిది వెడల్పు, అద్దంలాంటి నునుపు. బాపు ఓవర్‌టైమ్ చేసి కొన్నాడు. దాన్ని చూడగానే బావకు యుద్ధభూమి కనిపించింది.

యుద్ధం ఆయనకు ఆఫీసులో ఎవరో పారేసిన ఇంగ్లీషు పత్రికలో దొరికింది. బల్లమీద బొమ్మ సైన్యాలను నిలబెట్టి, కొలతలతో నడిపించే ఆట. పత్రికలో సగం పేజీలు లేవు. లేని సగానికి నియమాలు బావే కల్పించాడు. అఫ్జల్‌గంజ్ ఫుట్‌పాత్ మీద సిపాయిలను, గుర్రాలను కొన్నాం. అవి నిలబడటానికి ఒక్కోదాని కింద అంగుళం వాషరు అంటించాం. ఫిరంగి అంటే రేకు గొట్టం, లోపల స్ప్రింగు, గుండుకు బదులు శనగగింజ.

నియమాలు ఇవీ. ఆట మొదట్లో రెండు సైన్యాల ముందు వరసల మధ్య పద్దెనిమిది అంగుళాలు ఉండాలి. గుర్రం ఒక వంతుకు ఎనిమిది అంగుళాలు నడుస్తుంది. ఫిరంగి మూడో వంతుకు గానీ పేలదు; పేలి గుర్రాన్ని పడగొడితే గెలుపు ఫిరంగి వాడిదే. ఈలోపు గుర్రం సిపాయిల వరస సందులోకి చేరితే ఫిరంగి పట్టుబడినట్టే, ఆట అయిపోయినట్టే. పక్కపక్క సిపాయిల మధ్య రెండు అంగుళాల జాగా వదలాలి. "సిపాయి కత్తి తిప్పనీకె జాగ వద్దా బామ్మర్దీ?" అని దానికి కారణం కూడా చెప్పాడు. మా సిపాయిల చేతుల్లో ఉన్నవి తుపాకులు. ఇక ఆఖరి నియమం: కొలిచేది అక్క కుట్టుపని టేపుతోనే.

ఆ టేపుకు మొదటి రెండు అంగుళాలు లేవు. అంకెలు రెండుతో మొదలయ్యేవి. సైన్యాల మధ్య దూరం కొలిచేటప్పుడు బావ తెగిన కొస నా సిపాయి పాదాల దగ్గర పెట్టి, పద్దెనిమిది అంకె దగ్గర తన గుర్రాలను నిలబెట్టేవాడు. నిజానికి అది పదహారు. తన గుర్రాలు నడిచేటప్పుడు మాత్రం పది అంకె దాకా నడిపించి, రెండు తీసేసి ఎనిమిది అని ఒప్పుగా చెప్పేవాడు. రెండు వంతుల్లో పదహారు. నా ఫిరంగి ఎన్నడూ పేలలేదు. తెలియక మోసపోయేవాడి మీద జాలిపడవచ్చు. ఇంత చక్కగా తీసివేత తెలిసిన మనిషి మీద ఏం పడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకసారి స్టీలు స్కేలు తెచ్చాను. బావ నొచ్చుకున్నాడు. మంచం మీద కూర్చున్న బాపు బీడీ ఆర్పి, "అల్లుడు కొల్సినంక మల్ల కొల్సుడేందిరా? సిగ్గుండాలె" అన్నాడు. డిపోలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇంజను విప్పి మళ్లీ బిగించే మనిషి!

ఇంతలో నా చివరి డ్రాయింగ్ షీట్లు ఇవ్వాల్సిన సమయం దగ్గరపడింది. యుద్ధం మధ్యలో ఉందంటూ బావ బోర్డు మీది సైన్యాన్ని తీయనిచ్చేవాడు కాదు. నేను నేలమీద బోర్లా పడుకుని గేర్లు గీసేవాణ్ణి. బండల సందుల మీద పెన్సిలు జారి వృత్తాలు కోడిగుడ్లయ్యేవి. ఆ షీట్లు మాస్టారు రెండుసార్లు తిప్పి కొట్టారు. మూడోసారి కొడితే ఏడాది పోయినట్టే. అక్క గొడవపడితే బావ ఒక పందెం ప్రకటించాడు. ఆదివారం ఆటలో నేను గెలిస్తే పరీక్షలయ్యేదాకా బోర్డు నాది. ఓడితే ఇక అడగకూడదు.

ఆదివారం నా సిపాయిలను నేను వాషరుకు వాషరు తగిలేలా, బోర్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే గోడలా నిలబెట్టాను. వెనక ఫిరంగి పెట్టాను.

"ఏంది గిది? జాగ ఏది?" అన్నాడు బావ.

"కొలువు బావా. నీ టేపే."

టేపు తెగిన కొస తీసుకుని ఇద్దరు సిపాయిలు తగిలిన చోట నేనే ఆనించాను. అక్కడ ఉన్న అంకె రెండు.

"గట్లెట్ల? అది మొదలు గదా!"

"సైన్యాల నడుమ కొల్సినప్పుడు కూడ గా మొదలే పెట్టినవ్ గద."

బాపు లేచి వచ్చాడు. కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు. "రెండే ఉన్నది. అల్లుని టేపు చెప్తున్నదిరా, ఇంకేంది? ఆడుండ్రి" అన్నాడు. ఆయన హాస్యానికి అనలేదు. రెండు వంతుల్లో గుర్రాలు వచ్చి గోడ ముందు నిలబడిపోయాయి. దూరడానికి సందు లేదు. మూడో వంతుకు నా ఫిరంగి పేలింది. శనగగింజ సిపాయిల తలల మీదుగా వెళ్లి నడిమి గుర్రాన్ని కూల్చింది. దాని కాలు విరిగింది.

"ఈ ఆట చెల్లదు. టేపు తెగింది. రెండించులు తక్కువున్నది" అన్నాడు బావ.

మిషన్ చప్పుడు ఆగింది. "గా ముక్క కత్తిరించిననాడే జెప్తి గద నీకు, రెండు తీసేసి సూడాలెనని" అంది అక్క. మళ్లీ మిషన్ తొక్కింది.

బాపు రెండు చేతులతో సిపాయిలను, గుర్రాలను కలిపి ఊడ్చి ఖాళీ బిస్కెట్ డబ్బాలో పోశాడు. "బోర్డు తీస్కపోరా" అన్నాడు నాతో. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు అల్లుడికి ఎప్పటిలాగే ముందు వడ్డించారు. షీట్లు మూడోసారి ఒప్పుకున్నారు.

ఇన్నేళ్లలో బావ క్వార్టర్ సంపాదించాడు, ప్రమోషన్ సంపాదించాడు, నిన్నటితో ఆ ఆదివారం గెలుపు కూడా సంపాదించాడు. కాలం చేతిలో పడితే మనుషుల గొప్పలు ఎంతైనా సాగుతాయి. టేపు సాగుతుందేమోనని, పాప వెళ్లాక స్టీలు స్కేలు పెట్టి కొలిచాను. యాభై ఎనిమిది అంగుళాలు. దర్జీ టేపు అరవై ఉంటుంది.