ఆంప్లిఫయర్‌కి నాలుగు స్క్రూలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో స్క్రూ అన్నది పెదనాన్న మాట మీద తిరిగేది. ఆయన భిలాయి ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. తలుపు గడియ ఊడినా, కుర్చీ కాలు కదిలినా, ఫ్యాను కిచకిచలాడినా సెక్టర్ 4 లో మా వరస క్వార్టర్ల వాళ్ళంతా ఆయన్నే పిలిచేవారు. ఆయన పనితనానికి వంక పెట్టలేం. వంకంతా ఆయన మొండితనంలోనే ఉంది. ఆ మొండితనం నాకూ కొంత వచ్చింది కాబట్టే, ఇప్పుడు చెప్పబోయే రోజు తలచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో మా తెలుగు సంఘం ఏటా ఒక నాటకం వేసేది. మైకు సెట్టు అద్దెకు తెచ్చేవారు. ముందటి ఏడాది ఆ సెట్టు నాటకం పొడుగునా కూతలు కూసి, కథానాయకుడి ఏడుపు ఒక్కటీ వినిపించకుండా చేసింది. దాంతో సంఘం సొంత సెట్టు కొనాలని పెదనాన్న పట్టుబట్టాడు. కలకత్తాలో మూతపడిన ఒక రికార్డింగు గదిలోంచి పాత ఆంప్లిఫయరూ, దాన్ని బిగించే ఇనుప ర్యాకూ రైలులో తెప్పించారు. వచ్చినవి వచ్చాయి గానీ, బిగించే స్క్రూలు మాత్రం రాలేదు. నాటకం నాడు సాయంత్రం నాలుగు గంటలకల్లా సెట్టు పలకకపోతే మళ్ళీ అద్దె సెట్టే పిలుస్తామనీ, ఇకపై మైకు పని పెదనాన్నకి అప్పగించేది లేదనీ సెక్రటరీ గారు అందరి ముందూ అనేశారు. పెదనాన్న నవ్వి ఊరుకున్నాడు. నాలుగు స్క్రూలు బిగించడం ఆయనకి ఒక లెక్కా?

నాటకం నాడు పొద్దున్నే ర్యాకు మా వరండాలో పెట్టారు. వెనకవైపు సందు ఇరుకు. పెద్దవాళ్ళు పట్టరు కాబట్టి టార్చి పట్టుకోవడానికి నన్ను లోపలికి దూర్చారు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. పెదనాన్న తన డబ్బాలోంచి ఐదు మిల్లీమీటర్ల స్క్రూ తీశాడు. ప్లాంటులో అన్నీ మిల్లీమీటర్లే. ఆయన లోకంలో వేరే కొలత లేదు. స్క్రూ రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

"కొత్త స్క్రూ గదా, బిగుతుగానే ఉంటాది. గుంటా, టార్చి ఇటు పట్టు," అన్నాడు. కొబ్బరినూనె చుక్క వేసి, స్క్రూడ్రైవరు మీద ఒళ్ళంతా ఆనించి తిప్పాడు.

నా వేలు ఆ బొక్క వెనకే ఉంది. సన్నటి ఇనుప రజను వేలి మీద రాలుతోంది. స్క్రూ మొన వంకరగా బయటికి వస్తోంది. అది సరిగ్గా ఎక్కడం లేదని నాకు తెలిసిపోయింది. ఆ మాట అనడానికి నోరు రాలేదు. పెదనాన్నకి స్క్రూ గురించి చెప్పడానికి నేనెంతదాన్ని? ఇంతలో స్క్రూ తల పుటుక్కున తెగింది. ఆ బొక్క ఇంక పనికిరాదు.

పవర్‌హౌస్ బజారుకి స్కూటరు మీద వెళ్ళాం. దుకాణదారు మర్యాదగానే, "భయ్యా, సాంపిల్ లాయే హైఁ క్యా?" అని నమూనా ఉందేమో అడిగాడు. పెదనాన్నకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇరవై ఏళ్ళ ఫిట్టరుకి సాంపిలేటని తెలుగులోనే గొణుక్కుని, ఒక పొట్లం తెచ్చాడు. ఎక్కలేదు. మళ్ళీ వెళ్ళాం. ఈసారి పొడవు మార్చాడు. ఎక్కలేదు. మూడోసారి తల గుండ్రంగా ఉన్నవి, నాలుగోసారి ఇత్తడివి. పొడవు మారుతోంది, తల మారుతోంది, రంగు మారుతోంది, కొలత మాత్రం ఆ ఐదు మిల్లీమీటర్లే! ఒక బొక్క పాడైతే ఆంప్లిఫయర్ని ఒక మెట్టు కిందకి దింపి ఇంకో బొక్కలో ప్రయత్నం. మధ్యాహ్నం రెండయ్యేసరికి మూడు బొక్కలు పోయాయి. నేను అన్నం తినలేదు, నా మోచేతులు గీసుకుపోయాయి, తప్పంతా నేను టార్చి పట్టడంలో ఉందని తిట్లు కూడా నాకే. నాకు ఏడుపు, కోపం కలిసి వస్తున్నాయి.

ఇదంతా జరుగుతున్నంతసేపూ మా పెద్దమ్మ, అంటే ఆయన భార్య, ఆ వరండాలోనే నాటకం వాళ్ళ జాకెట్లు మిషను మీద కుడుతోంది. కొన్నేళ్ళ కిందట ఆ మిషను పాదం స్క్రూ పోతే పెదనాన్న ప్లాంటు కొలత స్క్రూ ఒకటి దానిలో బలవంతంగా ఎక్కించి, రెండు నెలలు మిషను మూలపడేలా చేశాడు. అప్పటినుంచి ఆవిడ ఆయన్ని మిషను దగ్గరికి రానివ్వదు. నాలుగో బొక్క మీదికి ఆయన స్క్రూడ్రైవరు ఎత్తగానే కత్తెర పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఏటండీ ఆ బలం? ముందు అది కింద పెట్టండి. నా మిషనుకి సేసిందే దీనికీ సేస్తన్నారు."

ఆయన చేతిలోంచి స్క్రూ తీసుకుని రెండు వేళ్ళతో పట్టుకుంది. ముందు వెనక్కి తిప్పింది. దారి దొరికినట్టు లోపల టిక్కుమన్నాక ముందుకి తిప్పింది. రెండు చుట్లు. ఆగిపోయింది. వెంటనే తీసేసింది.

"ఇది దీనిది కాదు. సేత్తో ఎక్కనిదాన్ని డ్రైవరుతో ఎక్కిస్తే స్క్రూ పోద్ది, బొక్కా పోద్ది," అని నా వైపు చూసి చెప్పింది. ఆయనకి చెప్పి లాభం లేదనుకుందేమో.

తర్వాత చేసిన పని నేను ఎప్పటికీ మరవలేను. ఆంప్లిఫయర్ని పక్కకి వాల్చి, దాని అడుగు రేకుకున్న స్క్రూ ఒకటి విప్పింది. ఇవి రెండూ ఒకే గదిలోంచి వచ్చినవే కదా, ఒకదాని స్క్రూ ఇంకొకదానికి పడుతుందేమో చూద్దామంది. ర్యాకు బొక్కలో పెట్టి వేళ్ళతో తిప్పింది. పొట్టి స్క్రూ, చివరిదాకా దానంతట అదే వెళ్ళిపోయినట్టు వెళ్ళింది. పెదనాన్న స్క్రూనీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కళ్ళకి తేడా తెలియదు. ఆ చిన్న తేడాకే ఒక రోజు నాశనమైంది.

దాన్ని కాగితంలో చుట్టి నా చేతికిచ్చి, హార్డ్‌వేర్ కొట్టుకి కాదు, రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళమంది. అదే కొలత, ఇంతకన్నా అర అంగుళం పొడవు, కింద వాషర్లు కూడా అడగమంది. సైకిలు మీద పరిగెత్తాను. ఆయన స్క్రూ చూసీ చూడగానే, ఇది పాత రేడియోల అంగుళాల కొలత, మిల్లీమీటర్లది కాదు అని చెప్పి డజను ఇచ్చాడు. ఉదయం నుంచి పడిన పాట్లకి అక్కడ పట్టింది రెండు నిమిషాలు. అక్కడే సైకిలు విసిరికొట్టాలనిపించింది.

మూడున్నరకి నాలుగు స్క్రూలూ బిగిశాయి. ముందు వేళ్ళతో నేనే ఎక్కించాను, చివర బిగింపు మాత్రం పెదనాన్న చేశాడు. నాకూ అదే తట్టింది, చెప్పబోతుంటేనే మీ పెద్దమ్మ వచ్చింది అన్నాడు! నాలుగింటికి సెట్టు పలికింది. కూత లేదు, గరగర లేదు.

నాటకానికి ముందు సెక్రటరీ గారు మైకులో పెదనాన్నని తెగ పొగిడారు. ఆయన వేదికెక్కి దండం పెట్టి, ఇరవై ఏళ్ళ ప్లాంటు అనుభవం ఊరికే పోతుందా అన్నాడు. చప్పట్లు మారుమోగాయి. పెద్దమ్మ వెనక వరసలో కూర్చుని ఎవరి జాకెట్టుకో హుక్కులు కుడుతోంది. నేను ముందు వరసలో ఉన్నాను. మైకు నాకు నాలుగడుగుల దూరం. లేవాలనుంది, లేవలేదు. ర్యాకు వెనక రజను రాలుతున్నప్పుడు ఎలా నోరు మూసుకున్నానో ఇప్పుడూ అలాగే కూర్చున్నాను.

నడిచి ఇంటికి వస్తూ, నీకు కోపం రాలేదేటి పెద్దమ్మా అని అడిగాను.

"రాకేటి? వచ్చింది. ఆ కోపంలో రెండు హుక్కులు తిరగేసి కుట్టీసినాను," అంది.

మొన్న మా నెహ్రూ నగర్ హాల్లో కుర్రాళ్ళు కొత్త సౌండు ర్యాకు బిగిస్తూ, కరెంటు స్క్రూడ్రైవరుతో ఎక్కని స్క్రూని రుయ్యిమని తిప్పేస్తున్నారు. ఒక్క కేక వేశాను. ఆంటీజీకి స్క్రూల సంగతి ఏం తెలుసు అన్నట్టు చూశారు. వాళ్ళ చేతిలోంచి తీసుకుని, వెనక్కి ఒకసారి, ముందుకి మూడు చుట్లు వేళ్ళతో తిప్పి చూపించాను. ఎక్కడ నేర్చుకున్నారని ఒకమ్మాయి అడిగింది. అడిగినందుకు ఆ పిల్లకి మొత్తం కథ చెప్పాను, పని ఆగిపోయినా సరే. వేళ్ళతో తిప్పి చూడడం ఆనాడే వచ్చింది. నోరు విప్పడానికి మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పెదనాన్నా లేడు, పెద్దమ్మా లేదు. ఆనాడు నాటకం చూడడానికి కూర్చున్న వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే, నాలుగడుగుల దూరంలో ఉండి కూడా నేను చెప్పలేని మాట ఇప్పుడు వినండి. ఆ ఆంప్లిఫయర్‌కి స్క్రూలు ఎంచింది మా పెద్దమ్మ.