తువ్వాల మీద నెత్తురు

మా తాతయ్య దగ్గు వినబడని పొద్దు నా చిన్నప్పుడు ఒక్కటైనా ఉన్నట్టు గుర్తు లేదు. నాందేడ్ పక్కన ముద్ఖేడ్‌లో రైలు పట్టాల పని చేసి రిటైరైన మనిషి. నలభై ఏళ్లుగా బీడీ మానలేదు. ఆ దగ్గును ఇంట్లో ఎవరూ పట్టించుకునేవారు కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక పొద్దున ఆయన ముఖం కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు తీసుకెళ్లాను. దగ్గి దగ్గి నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాల తీశాడు. దాని మీద నెత్తురు. నన్ను చూసి గబుక్కున మడిచేశాడు.

"ఏం లేదు బిడ్డా, వేడి చేసింది. ఎవ్వలకు చెప్పకు. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను. రెండు రోజులు అన్నం సయించలేదు. చెబితే ఆయనకేమైనా అవుతుందని భయం, చెప్పకపోతే ఏమవుతుందోనని ఇంకో భయం. మూడో రోజు పక్కింటి అక్క దగ్గర ఏడ్చేశాను. ఆమె నాందేడ్‌లో ఒక దవాఖానలో నర్సు, రోజూ రైల్లో వెళ్లి వచ్చేది.

"మంచిగ చెప్పినవ్. ఇగ నేను చూస్కుంట," అంది.

రమ్మంటే తాతయ్య రాడని ఆమెకు తెలుసు. మర్నాడు తన చంటివాణ్ణి చంకనేసుకుని మా ఇంటికి వచ్చింది. "తాతా, పోరనికి సూది ఇప్పియ్యాలె. మా ఆయన ఊళ్లె లేడు. జర నాతోని నాందేడ్ దాంక వస్తవా?" ఇంకొకరికి అవసరమంటే ఆయన కాదనలేడు. నేనూ వాళ్ల వెంట వెళ్లాను.

పిల్లవాడి సూది అయ్యాక అక్క ఆయనను డాక్టరు ముందు కూర్చోబెట్టింది. "ఇప్పుడు నీ వంతు తాతా. తువ్వాలకు నెత్తురైంది గద?"

తాతయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

డాక్టరు ఎక్స్‌రే తీయించి, కఫం పరీక్షకు పంపాడు. ఏళ్ల తరబడి బీడీ తాగే మనిషికి దగ్గులో నెత్తురు కనబడితే చుక్కైనా, ఒక్కసారైనా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలన్నాడు. దోసెడు పడినా, ఊపిరి అందకపోయినా ఉన్నపళంగా దవాఖానకు రావాలన్నాడు.

ఫలితం రావడానికి వారం పట్టింది. లోపల క్యాన్సర్ గడ్డేమోనని అందరి భయం. కాదు, టీబీ, అదీ మొదట్లోనే దొరికిందని తెలిసినప్పుడు అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది. మా అందరికీ పరీక్షలు చేశారు, ఎవరికీ లేదు. ఆ రోజుల్లో మొదట కొన్ని నెలలు సూదులు, మొత్తం ఏడాదికి పైగా మాత్రలు. సూదులు అక్కే ఇంటికొచ్చి వేసేది. బీడీ మానడానికి తాతయ్య పడ్డ పాట్లు వేరే కథ.

మందులు పూర్తయిన రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నవ్వాడు. "నువ్వు ఒట్టు తప్పినవ్, నేను బతికిన." ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు, నా పెళ్లి చూశాడు.

దగ్గును దాచుకునే మగవాళ్లను తర్వాత చాలామందినే చూశాను. వాళ్లతో వాదించను. నాకు బీపీ చూపించుకోవాలి, ఒక్కదాన్నే పోలేను, జర తోడు రమ్మంటాను. ఇప్పటిదాకా ఎవరూ రానన్లేదు.